ఉత్తరపు గోడ ఊపిరి

మిక్‌ఫ్లీట్ ఊళ్ళో చర్చి తలుపు తియ్యాలంటే తాళంచెవి ఒక్కటీ చాలదు, ఓపిక కూడా ఉండాలి. చర్చి ఊపిరి తీసుకుంటున్నంతసేపూ ఎంత లాగినా తలుపు రాదు. వదిలినప్పుడు దానంతటదే చేతిలోకి వస్తుంది. శనివారం పొద్దున మురియెల్ గార్నమ్ మోచేతికి పూలబుట్ట తగిలించుకుని గడప దగ్గర నిలబడేది. తలుపు మెత్తబడగానే లోపలికి వెళ్ళి, బల్లల మీద దుమ్ము దులిపి, పోయిన వారం పూలు తీసి పారేసి, ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు తోమేది. ఊరి స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన దగ్గర్నుంచి చర్చి బాగోగులు చూసే వార్డెన్ పని ఆవిడదే. ఊళ్ళో మగాళ్ళు ఆవిడ ఎదురైతే ఇప్పటికీ జేబుల్లోంచి చేతులు బయటికి తీస్తారు.

తొమ్మిది వందల ఏళ్ళ నాటి చర్చి అది. చెకుముకి రాళ్ళ గోడలు, గుండ్రటి బురుజు, పైన రెల్లు కప్పు. లోపల మరో రెండు వందల ఏళ్ళకి వరసగా కట్టిన కమాన్లలో మొదటి వాటికి రాతి మీద ఆకులూ కాయలూ చెక్కి ఉంటాయి. తర్వాతవన్నీ బోడిగా ఉంటాయి. పని సగంలో ఉండగా ప్లేగు వచ్చి చెక్కేవాళ్ళు పోయారు. మిగిలినవాళ్ళకి కమాను నిలబెట్టడం వచ్చు గానీ ఆకు చెక్కడం రాదు. దూలాల చివర ఉన్న చెక్క దేవదూతలకి ముఖాల్లేవు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగిన రోజుల్లో సైనికులు నిచ్చెనలేసుకుని మరీ నరికేశారు. చూడవచ్చిన వాళ్ళకి మురియెల్ ఇవన్నీ బెత్తం లేకుండానే పాఠంలా చెప్పేది. ఊపిరి సంగతి మాత్రం ఎత్తేది కాదు. చెప్పడానికేముంది, నిలబడితే వాళ్ళకే తెలుస్తుంది. గోడలు మెల్లగా ఉబ్బుతాయి, దూలాలు కిర్రుమని కాస్త లేస్తాయి, మళ్ళీ దిగుతాయి. సున్నంతో కట్టిన గోడ కదా.

అక్కడి ఆర్గన్‌కి గాలితిత్తులు లేవు. తాతల కాలంలో నారిచ్ నుంచి దాన్ని బిగించడానికి వచ్చినాయన ఒక పూట చర్చిలో కూర్చుని, తిత్తుల్ని మళ్ళీ బండెక్కించి వెనక్కి తీసుకుపోయాడు. చర్చి వదిలే ఊపిరే గొట్టాల్లోకి పోయి పాటవుతుంది. అందుకని మిక్‌ఫ్లీట్ వాళ్ళు ఒక చరణం పాడి ఆగుతారు, చర్చి ఊపిరి పీల్చుకునేదాకా నిలబడతారు, మళ్ళీ అందుకుంటారు. పక్క ఊళ్ళ పెళ్ళిళ్ళలో వాళ్ళని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరూ రెండో చరణం పాడుతుంటే వీళ్ళు నోరు తెరుచుకుని దూలాల వంక చూస్తుంటారు.

ఆర్గన్ వాయించేది క్లెమెంట్ పాస్క్. గడియారాలు బాగుచేసి బతికినవాడు, ఒంటరి మనిషి. మీసాలు రాకముందే ఆ పీట ఎక్కాడు. ఆయన వేళ్ళు గాల్లో ఆగి ఉండి, ఊపిరి తిరిగిన క్షణాన దిగేవి. అదెలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే, "మీకు తెలీట్లేదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు.

ఆ ఏడాది నవంబరులో చర్చి తొమ్మిది వందల ఏళ్ళ పండగకి బిషప్ గారు వస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఉత్తరపు గోడ లోపలివైపు పూత పొట్టు లేచి, బల్లల మీద పిండిలా రాలడం మొదలుపెట్టింది. బంగే నుంచి సున్నం మేస్త్రీ వచ్చి చూసి, "వసంతంలో మొదలెడదాం. మంచు రోజుల్లో సున్నం పట్టదు. పని వేసవంతా పడుతుంది" అని, టీ తాగి వెళ్ళిపోయాడు.

"బిషప్ గారి నెత్తిన గోడ రాలుతుంటే చూస్తూ కూర్చోమంటాడు!" అని మురియెల్ తన మరిది టెర్రీ దగ్గర మండిపడింది. టెర్రీ చుట్టుపక్కల ఊళ్ళకి కార్ల షెడ్లు కట్టిపెడతాడు.

"నా మాట విను మురియెల్. రెండ్రోజుల పని. సిమెంటు కొట్టేసి పైన తెల్లరంగు వేస్తా. నీ బిషప్పే కాదు, ఆయన పైవాడు దిగొచ్చినా కనిపెట్టలేడు."

"చర్చికి సిమెంటా?"

"నా షెడ్డు ఒక్కటైనా కూలిందా?"

"నీ షెడ్లు ఊపిరి తీసుకోవు, టెర్రీ."

"అందుకే కూలలేదు."

ఆరు ఊళ్ళ చర్చిలు చూసుకునే రెవరెండ్ ఫెలిసిటీ ఆ వారం సెలవులో ఉంది. చర్చి గోడకి మేకు కొట్టాలన్నా పైవాళ్ళ అనుమతి కావాలి. మురియెల్ అడగలేదు. తాళంచెవి టెర్రీ చేతిలో పెట్టింది. తర్వాత ఎవరో అడిగితే, "సున్నం మేస్త్రీకి తీరిక దొరికి ముందే వచ్చేశాడు" అంది. అబద్ధం అంత నున్నగా బయటికి వస్తుందని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. పిల్లల నోళ్ళలో దాన్ని పట్టుకోవడంతోనే ఆవిడ ఉద్యోగమంతా గడిచింది.

పండగ రోజు చర్చి కిటకిటలాడింది. గోడ పాలలా తెల్లగా మెరిసింది. "బాగా చూసుకుంటున్నారు" అని బిషప్ గారు మెచ్చుకుంటే మురియెల్ టోపీ సర్దుకుంది. మొదటి చరణం బాగానే సాగింది. అందరూ ఆగారు. చర్చి ఊపిరి తీసుకోబోయి, సగంలో ఏదో అడ్డుపడ్డట్టు ఆగిపోయింది. క్లెమెంట్ వేళ్ళు అలవాటు చొప్పున దిగాయి. ఆర్గన్ ఈనలేని ఆవులా ఒక్కసారి మూలిగి ఊరుకుంది. ఆయన చేతులు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి. అంత నిశ్శబ్దంలో మీటల టకటక ఒక్కటే వినిపించింది. అందరూ ఆ చేతుల్నే చూశారు. చివరికి ఆయన లేచి నిలబడి, "క్షమించండి. నా చేతులు..." అని, మాట పూర్తి చెయ్యకుండానే కూర్చుండిపోయాడు.

రెవరెండ్ ఫెలిసిటీ పక్కకి వంగి, "క్లెమెంట్‌కి ఏమైంది?" అని అడిగింది.

గోడకేమైందో మురియెల్‌కి తెలుసు. "వయసైపోయింది కదా" అంది.

అందరూ టీలకీ శాండ్‌విచ్‌లకీ హాల్లోకి వెళ్ళాక మురియెల్ కొవ్వొత్తులు ఆర్పడానికి ఉండిపోయింది. ఉత్తరపు గోడకి వీపు ఆనించింది. ఎప్పుడూ మనిషి పక్కన కూర్చున్నట్టు ఉండే గోడ అప్పుడు పలకలా చల్లగా, గట్టిగా తగిలింది. "క్లెమెంట్ అనే అనుకోనీ" అంది పైకే. "ఎలాగూ ముసలాడేగా, ఆయనకి పోయేదేముంది?"

అన్న వెంటనే గుర్తొచ్చింది. ఆ చర్చిలో అన్న మాట గాలితో గోడలోకి పోయి, తర్వాతి ఊపిరితో సన్నగా బయటికొస్తుంది. అందుకే మిక్‌ఫ్లీట్‌లో చాడీలన్నీ వరండాలో చెప్పుకుంటారు. మురియెల్ ఊపిరి బిగబట్టి చూసింది. గోడ ఏమీ తిరిగి అనలేదు. సిమెంటు వెనక మాట ఇరుక్కుపోయింది. ఆవిడకి హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొచ్చినప్పుడల్లా, తర్వాత ఎన్నో నెలలు, ఒంటరిగా వంటింట్లో ఉన్నా ఆవిడ చెవులు కాలేవి.

మర్నాడు క్లెమెంట్ ఆర్గన్ తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "నీ దగ్గరైతే భద్రం" అన్నాడు.

ఊరు ఒక కారణం వెతుక్కుంది. పూలు సర్దే డోరీన్ వరండాలో అందరికీ చెప్పింది: "ఊపిరి తీసుకుంటుండగా మీటలు నొక్కేశాడమ్మా. పొలమారింది పాపం దానికి. తొమ్మిది వందల ఏళ్ళ ప్రాణం, అంత తేలిగ్గా తేరుకుంటుందా!" క్లెమెంట్‌నెవరూ తిట్టలేదు. ఆయన దుకాణానికి వస్తే జనం గొంతు తగ్గించి, వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఆయన తల వంచుకుని రొట్టె కొనుక్కుని పోయేవాడు. చర్చి చలికాలమంతా ఒక్క పక్క గోడతోనే ఎగశ్వాసతో లాక్కొచ్చింది. జనం మాట్లాడకుండా దక్షిణం వైపు బల్లలకి మారిపోయారు. ఆర్గన్ లేక, ఆగే చోటు లేక, కీర్తన మధ్యలో ముసలమ్మలకి ఆయాసం వచ్చేది. మురియెల్ మాత్రం ఉత్తరం వైపు తన పాత చోటనే కూర్చునేది. మారితే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని భయం.

ఫిబ్రవరిలో గులాబీ కాడలు కోస్తూ డోరీన్ అంది, "క్లెమెంట్ లోస్టాఫ్ట్ వెళ్ళిపోతున్నాడట, తెలుసా? మదరింగ్ సండే అయ్యాక. మేనకోడలు మేడ మీద గది ఇస్తానందట. ఇల్లు బేరం పెట్టేశాడు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి మురియెల్? నువ్వైతే ఉంటావా, అంత పని చేసి?"

మురియెల్ కత్తెర బల్ల మీద పెట్టి తిన్నగా క్లెమెంట్ ఇంటికి నడిచింది. ఆయన గడియారాల్ని పాత పేపర్లలో చుడుతున్నాడు. పియానో మూత మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. టీ పెట్టాడు.

"క్లెమెంట్, తప్పు నీ చేతులది కాదు. ఉత్తరపు గోడకి నేను సిమెంటు పెట్టించాను. దానికి ఊపిరాడట్లేదు."

క్లెమెంట్ ఆవిడ వంక చూసి, నెమ్మదిగా నవ్వాడు. "నువ్వా?"

"నేనే. టెర్రీ చేత."

"ఎవరో రబ్బరు ముక్క దొంగిలిస్తే క్లాసు మొత్తాన్నీ వానలో నిలబెట్టినదానివి. నువ్వు దొంగతనంగా చర్చికి సిమెంటు పెట్టించావా?"

"నిజం చెబుతున్నాను."

"జాలిపడుతున్నావు. వద్దు. అబద్ధం నీ నోటికి అతకదు మురియెల్."

"అయితే వచ్చి గోడ తట్టి చూడు."

"దాన్ని మళ్ళీ ముట్టుకోను. చేసింది చాలు. వెళ్ళేముందు ఒక్క ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని, దానికి చెప్పి వెళ్తాను." ప్లేటు ముందుకు జరిపాడు. "బిస్కెట్ తీసుకో. ఇంత దూరం నడిచొచ్చావు."

ఆవిడ తీసుకుని తింది. తన జీవితంలో అంత సిగ్గుమాలిన పని ఇంకోటి చెయ్యలేదనిపించింది. పైగా చెప్పింది సగమే. ఆ సగం కూడా, తను మంచిదన్న పేరే అడ్డుపడి, ఆయనకి చేరలేదు.

ఇంటికి నడుస్తూ ఆలోచించింది. ఎవరూ లేనప్పుడు వెళ్ళి సిమెంటు పగలగొడితే? లోపల ఇరుక్కున్న మాట ఖాళీ బల్లలకి వినపడి పోతుంది. చర్చి కోలుకుంటుంది. కానీ క్లెమెంట్ ఏమనుకుంటాడు? తను వాయించడం మానేశాడు కాబట్టే కోలుకుందనుకుంటాడు. ఇంకా తొందరగా పెట్టె సర్దుకుంటాడు. గోడ నోరు తెరిచేటప్పుడు ఆయన అక్కడ ఉండి తీరాలి. గోడ నోరు తెరిస్తే ఏరి ఏరి చెప్పదు. విక్టోరియా రాణి కాలంలో దక్షిణపు గోడ మీది పాత పూత గీకినప్పుడు, ప్రొటెస్టెంట్ పాదిరీ వాక్యం చదువుతుండగా, వారం రోజుల పాటు పాత క్యాథలిక్ రోజుల లాటిన్ ప్రార్థనలు బయటికొచ్చాయట. ఆయన చెవుల్లో దూది పెట్టుకుని ఉపదేశం కానిచ్చాడట. ఈ కథ స్కూల్లో ఏటా పిల్లలకి చెప్పి నవ్వించింది మురియెలే.

తల్లుల పండగైన మదరింగ్ సండే నాడు పిల్లలు తల్లులకివ్వడానికి పసుపుపచ్చ ప్రిమ్‌రోజ్ పూల గుత్తులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వెనక బల్ల మీద, తలుపు పక్కన, క్లెమెంట్ కోటు విప్పకుండా కూర్చున్నాడు. ఉపదేశం అయ్యాక ప్రకటనలు చదవడం వార్డెన్ పని. మురియెల్ లేచి కళ్ళద్దాలు పెట్టుకుంది.

"శుక్రవారం హాల్లో సూప్ భోజనం. గిన్నెలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. గురువారం సమాధుల దగ్గర గడ్డి కోత." ఆగింది. "ఉత్తరపు గోడకి సున్నం మేస్త్రీ రాలేదు. నేను అబద్ధం చెప్పాను. దానికి సిమెంటు పెట్టించాను."

"ఏమంటోంది?" అంది ఎవరో చెవుడున్న ముసలమ్మ.

మురియెల్ పూలబుట్టలోంచి సుత్తీ ఉలీ తీసింది. రెవరెండ్ ఫెలిసిటీ గబగబా మెట్టు దిగింది. "మురియెల్, ఇప్పుడా? దీనికి అనుమతి కావాలి కదండీ!"

"అనుమతి లేకుండానే పెట్టించాను రెవరెండ్. లేకుండానే తీస్తాను."

మొదటి దెబ్బకి తెల్లరంగు చిట్లింది. తర్వాత దెబ్బలు పడుతూ పడుతూ ఉండగా, తలుపంత పెళ్ళ ఒకటి గోడ నుంచి ఊడి నేల మీద బద్దలైంది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి చర్చి, నవంబరు నుంచి బిగబట్టిన ఊపిరి, వదలడం మొదలుపెట్టింది.

చివర్న ఇరుక్కున్నవి ముందు వచ్చాయి. చలికాలపు దగ్గులు, తుమ్ములు. క్రిస్మస్ నాటి డోరీన్ గొంతు: "ఆ టోపీ చూశావా, టీ కెటిల్ మీద బోర్లించే గుడ్డలా!" డోరీన్ కీర్తనల పుస్తకంలో తల దూర్చింది. తర్వాత క్లెమెంట్ గొంతు, ఖాళీ చర్చిలో ఒక్కడే నిలబడి అన్న మాట: "నన్ను క్షమించు. నీకు ఊపిరాడకుండా చేశాను. ఇంకెప్పుడూ ముట్టుకోను." ఆయన వెనక బల్ల మీద కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత మురియెల్ గొంతు వచ్చింది. ముప్పై మంది పిల్లలకి ఒకేసారి వినపడేలా తీర్చిదిద్దుకున్న గొంతు. ఒక్క అక్షరం కూడా చెదరలేదు. "క్లెమెంట్ అనే అనుకోనీ. ఎలాగూ ముసలాడేగా, ఆయనకి పోయేదేముంది?"

దాని వెనకే బిషప్ రోజున పాడిన మొదటి చరణం వచ్చింది. దాని వెనక రేడియోలో ఫుట్‌బాల్, టెర్రీ బూతులు. తల్లులు పిల్లల చెవులు మూశారు. "ఇది సిమెంటని ఎవడికి తెలుస్తుంది?" అంటున్నాడు టెర్రీ. "మాట్లాడకుండా పని కానీ" అంటోంది మురియెల్.

ఆ తర్వాత వట్టి గాలి.

మురియెల్ వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. గోడ వైపే మొహం పెట్టి, పగలగొట్టాల్సిన అవసరం లేని చోట కూడా కొడుతూనే ఉంది. కాళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది. క్లెమెంట్ ఆవిడ పక్కన నిలబడి, కోటు చేతి అంచు పైకి లాక్కుని, బయటపడ్డ రాళ్ళ మీద అరచెయ్యి ఆనించాడు. గోడ ఆ చేతి కింద మెల్లగా ఉబ్బింది, దిగింది. ఆయన అలా చాలాసేపు ఉన్నాడు. ఆ తర్వాత, ఆవిడ వంక చూడకుండానే, చెయ్యి చాపాడు.

"తాళంచెవి."

ఇచ్చింది. ఆయన వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. వేళ్ళు గాల్లో ఆగాయి, సరిగ్గా అందుకున్నాయి. జనం లేచి నిలబడి ఒక చరణం పాడి, దూలాల వంక చూస్తూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో ఎవరూ తన వంక చూడకపోవడం మురియెల్ గమనించింది. దుకాణంలో క్లెమెంట్ వంక చూడనట్టే.

ప్రార్థన అయ్యాక ఎవరూ పలకరించలేదు. డోరీన్ చీపురు తెచ్చి చేతికిచ్చింది, అంతే. మురియెల్ సిమెంటు పెళ్ళలన్నీ ఎత్తి బయట పోసి, వార్డెన్ పని మానుకుంటున్నానని రెవరెండ్‌తో చెప్పింది. "అదే మంచిదేమో" అంది రెవరెండ్, నొచ్చుకుంటూనే. వరండాలో క్లెమెంట్ ఒక్కడే ఉన్నాడు. కోటు విప్పి మోచేతి మీద వేసుకున్నాడు.

"నాకు పోయేదేముందన్నావు."

"అన్నాను."

"ముసలాడన్నావు."

"అన్నాను."

"నీకంటే రెండేళ్ళే పెద్ద."

క్షమించమని అడగాలని మురియెల్‌కి నోటిదాకా వచ్చింది గానీ, అడిగితే ఆయన ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. ఇంకేమీ ఆయన దగ్గర తీసుకోవాలనిపించలేదు.

"మేనకోడలికి ఫోన్ చెయ్యాలి" అన్నాడు క్లెమెంట్. "గది వద్దంటే కోప్పడుతుంది. పరదాలు కూడా కుట్టించిందట." తన వేళ్ళు చూసుకున్నాడు. "చేతులు బాగానే ఉన్నాయి. కళ్ళు మాత్రం నిజంగానే మందగించాయి. పేజీలు తిప్పడానికి మనిషి కావాలి. వచ్చే ఆదివారం నువ్వు వచ్చి నా పక్కన కూర్చో."

ఆర్గన్ పీట చర్చి ముందుభాగంలో, జనానికి ఎదురుగా ఉంటుంది.

"అక్కడ కూర్చుంటే ఊరందరికీ కనబడతాను."

"అవును."

"క్లెమెంట్, నాకు స్వరాలు చదవడం రాదు." ఈ మాట ఆవిడ మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"తెలుసు. ఎన్నేళ్ళుగానో స్వరాల పుస్తకం పట్టుకుని మాటలు మాత్రమే చూస్తున్నావు. పీట మీంచి అన్నీ కనబడతాయి." మెట్టు దిగాడు. "నేను తల ఊపినప్పుడు తిప్పు, చాలు."

తర్వాతి ఆదివారం ఆవిడ బూడిదరంగు కోటు వేసుకుని, టోపీ లేకుండా, తను చదువు చెప్పిన మొహాలన్నిటికీ ఎదురుగా కూర్చుంది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. రెండు చరణాలయ్యాక క్లెమెంట్ తల ఊపాడు. ఆవిడ కంగారులో రెండు పేజీలు ఒక్కసారే తిప్పేసింది. పాట తెగిపోయింది. చర్చి నిండా మనుషులు. క్లెమెంట్ తొందరపడలేదు. ఒక పేజీ వెనక్కి తిప్పి, వేళ్ళు మీటల మీద సర్దుకుని, మళ్ళీ ఆవిడకి తల ఊపి చూపించాడు, ఇదిగో, ఇలా ఊపుతానని.